గరిటె పట్టిన చెయ్యి

ఆ ఎండాకాలం ఆరు వారాల పాటు నేను రోజూ పొద్దున్నే మా ఆయన మీదకి బంతులు విసిరాను. రోజుకి తక్కువలో తక్కువ రెండు వందలు. విసరమని అడిగింది ఆయనే. అలా అడిగేలా చేసింది మాత్రం ఎదుటి జట్టు ఫాస్ట్ బౌలరొకడు.

మా ఆయన రేవు జట్టుకి పద్నాలుగేళ్లుగా ఓపెనర్. రేవు గోదాంలో ఆయన ఉద్యోగం కూడా ఆట వల్ల వచ్చిందే. కిందటి సీజన్ చివరి మ్యాచ్‌లో ఆ బౌలర్ వేసిన బంతి ఆయన హెల్మెట్ జాలీకి తగిలింది. దెబ్బేమీ కాలేదు. కానీ ఆ తర్వాత ఏ బంతి కాస్త పైకి లేచినా ఆయన వెనక కాలు తనకే తెలియకుండా పక్కకి జరిగిపోయేది. చూసేవాళ్లు పోల్చుకోలేరు. ఆడినవాళ్లకి తెలుస్తుంది. కోచ్‌కి తెలిసింది.

అంత వేగంగా వేసేవాడు మా జట్టులో లేడు. ప్రాక్టీసులో బంతులు విసిరిపెట్టే మనిషి ఒకడుండేవాడు గానీ వేరే జట్టుకి వెళ్లిపోయాడు. పోతూ పోతూ తన పనిముట్టు కిట్ల గదిలో వదిలేశాడు. మూరెడు పైన పొడవున్న ప్లాస్టిక్ కర్ర, దాని చివర బంతి పట్టేంత గిన్నె. బంతిని అందులో ఇరికించి చెయ్యి తిప్పి విసిరితే మామూలు మనిషి విసురు కూడా ఫాస్ట్ బౌలర్ వేగంతో వెళ్తుంది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం గరిటెరా, దేన్ని కలపడానికి?" అన్నారు. ముందు మా ఇంట్లో, తర్వాత జట్టంతటికీ దాని పేరు గరిటె అయిపోయింది.

మేముండే రేవు క్వార్టర్స్ వెనక ఖాళీ స్థలంలో వల కట్టారు. పక్కింట్లో ఉండే వికెట్ కీపర్ సాయానికొచ్చాడు. అతను విసిరిన మొదటి బంతి వల మీదుగా పోయి ఎవరిదో నీళ్ల ట్యాంకుకి తగిలింది. రెండోది విసిరినవాడి కాళ్ల ముందే దిగబడింది. ఇరవై బంతులయ్యేసరికి మా ఆయన నోటికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. నేను బడిలో ఆటల టీచర్ని, అప్పుడు సెలవులు. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు ఈటె విసిరాను. నన్నోసారి వెయ్యనిమ్మని అడిగితే మా ఆయన నా వైపు చూడకుండానే, "ఇది నీ ఈటె కాదు," అన్నాడు. కీపర్ మాత్రం బతికిపోయాననుకుని గరిటె నా చేతికిచ్చేశాడు.

ఈటె విసిరేటప్పుడు చేతి వంతు ఆఖర్న వస్తుంది. ముందు కాలు నిలదొక్కుకోవాలి, తర్వాత నడుం తిరగాలి, ఆ పైన భుజం, మోచెయ్యి. గరిటె పట్టుకుంటే ఆ చేతికి ఇంకో మోచెయ్యి అతికించినట్టుంది. నేను విసిరిన మొదటి బంతి ఆయన బ్యాటు ఎత్తేలోపే వెనకున్న ఇనప స్తంభానికి తగిలి ఖంగుమంది. మా ఆయన తిరిగి స్తంభాన్ని చూశాడు. నన్ను చూడలేదు.

"మళ్లీ వెయ్యి," అన్నాడు.

అప్పటికి రెండేళ్లుగా మా మధ్య మాటలు అవసరం మేరకే నడుస్తున్నాయి. పెద్ద గొడవేమీ జరగలేదు. జరిగుంటే బాగుండేదేమో. ఆ ఇంట్లో ఏది కదిలినా ఆయన ఆట చుట్టూనే కదిలేది. ఆయన పడుకుంటే మిక్సీ వెయ్యకూడదు. ఆయన సున్నాకి అవుటై వస్తే టీవీలో జోకుకి కూడా నవ్వకూడదు. ఆయన ప్యాడ్లు ఆరేయాలంటే మా బట్టలు తీగ మీంచి దిగాలి. నేను ఊరుకోవడం అలవాటు చేసుకున్నాను. నేను ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని ఆయన అలవాటు చేసుకున్నాడు.

వల దగ్గర అలా కాదు. అక్కడ నేనొకటి పంపిస్తే ఆయన జవాబు చెప్పి తీరాలి. మొదటి వారంలోనే ఆయన పక్కటెముకల మీద రెండు చోట్ల, తొడ మీద ఒకచోట నల్లగా కమిలింది. పొద్దున స్నానం చేసొచ్చి అద్దం ముందు నిలబడి ఆ మచ్చలు తడుముకుంటుంటే నేను పక్క దులుపుతూ చూసేదాన్ని. జాలేయలేదు. బాగుందనిపించింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇదే మొదటిసారి. బంతి ఆయన గొంతు ఎత్తుకి లేచి, ఆయన తల వెనక్కి విరుచుకున్న ప్రతిసారీ నా రెండేళ్ల మౌనంలో కొంచెం తగ్గినట్టుండేది.

ఆయనకీ తెలుసు. "చాలు" అని మాత్రం ఒక్కసారీ అనలేదు. బంతులన్నీ అయిపోయాక ఖాళీ బకెట్ బ్యాటుతో నా వైపు నెట్టేవాడు. ఏరుకొచ్చి మళ్లీ వెయ్యమని దానర్థం.

రెండో వారం కోచ్ మమ్మల్ని రేవు మైదానానికి రమ్మన్నాడు. కోచ్‌ని అందరూ పెద్దాయన అంటారు. మడత కుర్చీ వేసుకుని, టోపీ కళ్ల మీదకి లాక్కుని, నిద్రపోతున్నట్టే కూర్చుంటాడు. నేను పది బంతులు వేశాక టోపీ పైకి తోశాడు. ఆఫ్ స్టంప్ మీద ఛాతీ ఎత్తుకి వెయ్యగలవా అని అడిగాడు. వేశాను. అదే చోట కాళ్ల దగ్గరకి దింపగలవా అన్నాడు. దింపాను. ఆ రోజు నుంచి మా ఆయన వంతు అయ్యాక మిగతావాళ్లు కూడా వరసకట్టడం మొదలుపెట్టారు.

అందరికీ నేను వదిననే. "వదినా, నాకు ఇంకో పది," "వదినా, నిన్నటి లాంటిది ఇంకోటి." అందరికంటే ఎక్కువ వేయించుకున్నది ఆ ఏడాదే జట్టులో చేరిన ఎడంచేతి ఆటగాడు. అతనూ ఓపెనరే. ఒంటి మీద ఎన్ని తగిలినా, "బాగుంది వదినా," అని నవ్వేవాడు. నేనేం చేశానో, బంతి ఎందుకు అంత లేచిందో అడిగి తెలుసుకునేవాడు. మా ఆయన ఒక్కసారీ అడగలేదు. మా ఆయనకి వేరే పద్ధతి ఉందని నాకప్పుడు తెలియదు.

ఇంట్లో మాత్రం ఆయన మాటలకి పదును పెరిగింది. అన్నం తింటూ అత్తగారితో, "జట్టు జట్టంతా నా పెళ్లాం చేతే వేయించుకుంటోందమ్మా, నాకే వంతు దొరకట్లేదు," అన్నాడు. అత్తగారు ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసినావిడ, ఎవరి వెటకారానికీ బెదరరు. పొద్దున్నే లేచి వరసలో ముందు నిలబడమన్నారు.

అయిదో వారంలో పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, బడి మానేసి జట్టుతో ఉండిపొమ్మని అడిగాడు. పైఊరి మ్యాచ్‌లకి కూడా రావాలి. జీతమిచ్చే ఉద్యోగంగానే ఇప్పిస్తానన్నాడు. ఆ సంగతి నేను చెప్పేలోపు కీపర్ నోట మా ఆయన చెవిన పడింది. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా వంటింటి గడపలో నిలబడ్డాడు.

"నేను ఆడే జట్టుకి నువ్వు పనిమనిషివా?"

"మరి అయిదు వారాలుగా నీకెవర్ని?"

  ఆయన ఎప్పటిలాగే గదిలోకెళ్లి తలుపు వేసుకున్నాడు. పై వారమంతా మేం పొద్దున్నే ఒకే స్కూటర్ మీద మైదానానికి వెళ్లడం, అక్కడ నేను విసరడం, ఆయన కాచుకోవడం, మళ్లీ అదే స్కూటర్ మీద ఒక్క మాట లేకుండా తిరిగి రావడం. దారిలో గతుకు వస్తే బ్యాటు సంచి పట్టుకునేదాన్ని. ఆయన భుజం పట్టుకునేదాన్ని కాదు.

ఆ వారమే పెద్దాయన అందరి ముందూ చెప్పేశాడు. ఓపెనర్ స్థానం ఒక్కటే ఖాళీ ఉంది, మనుషులు ఇద్దరున్నారు. శనివారం ఒక్కొక్కరికీ నలభై బంతులు, గరిటెతో. ఎవరు నిలబడితే వాళ్లు.

గురువారం సాయంత్రం నేను వసారాలో బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. క్లిప్పుల బుట్ట చేతిలోకి తీసుకుని ఒక్కో క్లిప్పు అందించడం మొదలుపెట్టాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ పని చేసింది అదే మొదలు. నేను మూడు చొక్కాలు ఆరేశాను. నాలుగోది విదిలిస్తుంటే అన్నాడు.

"శనివారం నాకు కొంచెం చూసి వెయ్యి."

చూసి అంటే ఏమిటని అడిగాను. నీకు తెలుసు అన్నాడు. ఎడంచేతి వాడికి ఎప్పుడూ వేసేవే వెయ్యమన్నాడు, తనకి కాస్త తగ్గించమన్నాడు. కూర్చున్న చోటి నుంచి పెద్దాయనకి తేడా కనిపించదు, ఆ మాత్రం తనకి తెలుసట.

"పద్నాలుగేళ్లు ఆడాను. ఇంకొక్క సీజన్. ఆ తర్వాత నేనే మానేస్తా," అని, బుట్ట రెండో చేతికి మార్చుకుని, "జట్టులో ఆ ఉద్యోగం కావాలంటే నువ్వు చేరు. నేనేం అనను," అన్నాడు.

అప్పుడు నాకు కోపం రాలేదు. ఆయన నన్ను ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో లెక్కేసుకుంటున్నాను. చొక్కా తీగ మీద వేసి క్లిప్పు కోసం చెయ్యి చాచాను. ఆయన అందించాడు. నేను మాట్లాడలేదు. ఆయన ఎప్పటిలాగే దాన్ని అవునని తీసుకుని వెళ్లిపోయాడు.

శనివారం ముందు ఎడంచేతి వాడికి వేశాను. నలభైలో రెండు అతని ఒంటికి తగిలాయి, నాలుగు బ్యాటు అంచుకి తగిలాయి. ఆఖరు దాకా వెనక్కి అడుగెయ్యలేదు. తర్వాత మా ఆయన వచ్చాడు.

ఎప్పటిలాగే వెయ్యాలని నేను పొద్దున లేచినప్పుడే నిర్ణయించుకున్నాను. ఆ మాట మీదే గరిటె పట్టుకున్నాను. కానీ మొదటి బంతి వదిలేటప్పుడు మణికట్టు దానంతటదే మెత్తబడింది. రెండోదీ అంతే. ఆ పద్నాలుగేళ్లు గుర్తొచ్చాయో, ఆ నాలుగు క్లిప్పులో నాకు తెలియదు. ఆరు బంతులు అలాగే వెళ్లాయి. ఆయన ఆరూ ముచ్చటగా ఆడాడు. వల బయట ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్దాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆయన రెండడుగులు ముందుకొచ్చి, బ్యాటుతో పిచ్ మీద తట్టి, తలెత్తి నా వైపు చూశాడు. చూసి నవ్వాడు. జాలీ వెనక పళ్లు కనిపించాయి. చెప్పినట్టు విన్నావు కదూ అన్న నవ్వు. ఆ ఇంట్లో నేను ఊరుకున్న ప్రతిసారీ ఆ ముఖం మీద ఉండే నవ్వే అది, ఎప్పుడూ ఇంత విప్పుగా కనబడలేదు, అంతే.

నేను బకెట్లోకి వంగి, చేతికి దొరికిన బంతి వదిలేసి, గట్టిదొకటి వెతికి తీసుకున్నాను.

అది మంచి లెంగ్త్ నుంచి లేచింది. ఆయన వెనక కాలు జరగలేదు. బ్యాటు పట్టుకున్న చేతులు ఛాతీ ముందు అలాగే ఉండిపోయాయి. బంతి గ్లవ్‌కి తగిలి అక్కడే చతికిలబడింది. చప్పుడు మాత్రం చెక్క విరిగినట్టు వినిపించింది. ఆయన అరవలేదు. బ్యాటు వదిలేసి, కుడిచేతి గ్లవ్ పట్టీ పళ్లతో లాగాడు. చూపుడు వేలు ఉండాల్సిన వైపు లేదు.

కీపర్ పరుగెత్తాడు. పెద్దాయన లేచి వచ్చి నా వైపు ఒక్కసారి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.  నేను ఇంకో బంతి గరిటెలో పెట్టుకునే ఉన్నాను. పెట్టుకున్నట్టు కూడా నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక అత్తగారు ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసి, ఎక్స్‌రే కంటే ముందే రెండు చోట్ల విరిగిందని చెప్పారు. అయిదు వారాలు కట్టు. ఆ సీజన్‌లో ఆయనకి ఇక మిగిలేది ఏమీ లేదు. కట్టు వేయించుకొచ్చి ఆయన పడుకున్నాక ఆవిడ వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

"తగలాలనే వేశావా?"

గట్టిగా వెయ్యాలని వేశానన్నాను.

"నేనడిగింది అది కాదు."

తెలియదన్నాను.  "వాడికి అన్నం కలిపి పెట్టడం నేను చేస్తాను, చొక్కా గుండీలు మాత్రం నువ్వే పెట్టు," అన్నారావిడ. "కన్నది నేనే గానీ విరగ్గొట్టింది నువ్వు."

అయిదు వారాలు రోజూ పొద్దున ఆయన చొక్కా గుండీలు నేను పెట్టాను. ఆయన నా తల మీదుగా గోడ వైపు చూస్తూ నిలబడేవాడు. ఆయన ఊపిరి నా నుదుటికి తగిలేది. మెడ దగ్గర ఆఖరి గుండీ పెట్టేటప్పుడు గడ్డం కొంచెం ఎత్తేవాడు. ఒకరికొకరం ఇంతకంటే దగ్గరగా వచ్చి ఎన్నాళ్లో అయింది. ఇంతకంటే దూరంగా ఎప్పుడూ లేము. గుండీలయ్యాక ఆయన గోదాంకి, నేను మైదానానికి. బడికి రాజీనామా పంపేశాను. ఆయన ఏమీ అనలేదు. మాటిచ్చినట్టే ఏమీ అనలేదు.

వేలు విరగడం పొరపాటున జరిగిందనే జట్టంతా అనుకుంది. పాపం వదిన, ఎంత బాధపడి ఉంటుందో అని నా ముందే అనుకునేవాళ్లు. వసారాలో ఆయన అడిగింది నేనెవరికీ చెప్పలేదు. ఏడో బంతి గురించి ఆయనా ఎవరికీ చెప్పలేదు. మా ఇద్దరికీ మిగిలిన ఉమ్మడి ఆస్తి అదొక్కటే.

కట్టు విప్పాక ఆ వేలు సగమే వంగింది. మళ్లీ బ్యాటు పట్టే ప్రశ్నే లేదని డాక్టర్ చెప్పాడు. తన కిట్టు ఎడంచేతి వాడికి ఇచ్చెయ్యమని మా ఆయన కీపర్‌తో పంపేశాడు. ఎడంచేతి వాడికైనా కుడిచేతి వాడికైనా బ్యాటు ఒకటే కదా అని అత్తగారిని అడిగాడట. ఆవిడ లేచి బయటికి వెళ్లిపోయారట.

సీజన్లో ఆఖరి మ్యాచ్ ఆ హెల్మెట్ బౌలర్ జట్టుతోనే. దానికి రెండు రోజుల ముందు పొద్దున్నే ఎడంచేతి వాడికి వేస్తున్నాను. ఛాతీ ఎత్తుకి లేచే బంతికి వరసగా మూడుసార్లు దొరికిపోయాడు. నాలుగోది వెయ్యబోతుంటే మిగతావాళ్ల మాటలు ఆగిపోయాయి. తిరిగి చూస్తే వల వెనక మా ఆయన నిలబడి ఉన్నాడు, గోదాంకి వేసుకెళ్లే చొక్కాలో. ఆ రోజు గుండీలు తనే పెట్టుకున్నాడు. ఒకటి తప్పింది.

"బంతిని చూడకు," అన్నాడు ఎడంచేతి వాడితో. "ఆవిడ ఎడమ భుజం చూడు. పైకి లేచేది వేసే ముందు అది రవ్వంత తొందరగా పక్కకి తెరుచుకుంటుంది."

"ఎప్పుడూనా అన్నా?"

"ఎప్పుడూ."

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఈటె నేర్పినవాళ్లు కూడా చెప్పలేదు. నేను అదే బంతి మళ్లీ వేశాను. ఎడంచేతి వాడు తల తప్పించుకుని తేలిగ్గా వదిలేశాడు. ఇంకోటి వేశాను. దాన్నీ వదిలేశాడు. మా ఆయన ఇక నిలబడకుండా స్కూటర్ వైపు నడిచాడు. నేను గరిటెతోనే వెంట వెళ్లాను.

"ఆ రోజు కూడా భుజం తెరుచుకుందా?"

"తెరుచుకుంది."

"మరి?"

ఆయన స్కూటర్ హెల్మెట్ పట్టీ పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. వేలు వంగక అది జారిపోతోంది. నేను చెయ్యి చాచలేదు.

"చూశాను. లేస్తుందని తెలుసు, ఎక్కడికి వస్తుందో తెలుసు. చెయ్యి తియ్యలేకపోయాను," అన్నాడు. "అక్కడే అయిపోయింది నా పని. వేలు తర్వాత విరిగింది."

అంతటితో ఊరుకోవాల్సింది. కానీ అయిదు వారాలు ఆయన గుండీలు పెడుతూ లోపల నానబెట్టుకున్న మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"నవ్వావు కాబట్టి వేశాను ఆ బంతి. చెప్పినట్టు విన్నానని నవ్వావు."

ఆయన పట్టీ వదిలేసి నా వైపు చూశాడు. ఆ ఎండాకాలంలో వల లేకుండా, జాలీ లేకుండా ఆయన నా ముఖంలోకి చూడటం అదే మొదటిసారి.

"నవ్వానా?" అన్నాడు. "ఆరూ మెల్లగా వచ్చాయి. ఏడోది ఎలా వస్తుందో తెలియక నోరెండిపోయింది నాకు. పెదాలు ఎలా ఉన్నాయో నేనేమైనా చూసుకున్నానా?"

తర్వాత, అది నాకు సర్ది చెప్పడం కాదన్నట్టు, తనని ఆ ఆరు మెత్తటి బంతులు ఆడనిచ్చినందుకు మాత్రం నన్ను ఎప్పటికీ క్షమించనన్నాడు. అడిగింది నువ్వే కదా అన్నాను. "అడిగాను. అందుకే," అన్నాడు. పట్టీ పెట్టుకోకుండానే స్కూటర్ తీసి వెళ్లిపోయాడు.

వల దగ్గర నుంచి ఎడంచేతి వాడు పిలిచాడు. ఎండ అప్పుడే ముదురుతోంది. తిరిగి వెళ్లి బకెట్లోంచి బంతి తీసి గరిటెలో పెట్టాను. వల వెనక ఎవరూ లేరు. ఎన్నడూ లేనిది విసిరే ముందు నోరు తడుపుకున్నాను, పెదాలు ఎండి నవ్వులా పళ్లకి అంటుకుపోతుంటే.